సంఘపు లెక్కలకు కంపెనీ సాఫ్ట్‌వేరా, తెరచిన సాఫ్ట్‌వేరా?

సహకార సంఘమునకు ప్రాణము దాని లెక్క. గట్టు తెగిన మడిలో నీరు నిలువనట్లే, లెక్క చెడిన సంఘమున సభ్యుల నమ్మకము నిలువదు. మొన్నటివరకు ఆ లెక్క చిఠాలో, ఆవర్జాలో, గుమాస్తా చేతివ్రాతలో ఉండెను. నేడు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల రైతు అప్పు తీసికొన్నను, యూరియా బస్తా తీసికొన్నను, ధాన్యము తూకము వేయించినను ఆ వ్రాత కంప్యూటరులోనికి ఎక్కుచున్నది. దేశమునందలి 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములను 2,516 కోట్ల రూపాయల వ్యయముతో కంప్యూటరుల క్రిందికి తెచ్చుటకు కేంద్ర మంత్రివర్గము 2022 జూన్ 29వ తేదీన అంగీకరించినది. కావున పుస్తకము మారుట తప్పదు. ఆ పుస్తకము ఎవరి స్వాధీనమున ఉండవలెను అనునదే ఇప్పటి ప్రశ్న.

అప్పుల లెక్కకు పైనుండి వచ్చిన సాఫ్ట్‌వేరునే వాడవలసి యుండవచ్చును. కాని ఎరువుల దుకాణము, గోదాము, ధాన్యపు కొనుగోలు పట్టీలు, మహాసభ నోటీసులు, రైతు ఉత్పత్తిదారుల కంపెనీల జమాఖర్చులు, వీనికి ఏది కొనవలెనో నిర్ణయించుట పెక్కుచోట్ల పాలకవర్గపు చేతిలోనే యున్నది. అట్టి సమావేశములలో రెండు మాటలు వినబడుచుండును. “మంచి కంపెనీ సరుకు కొనుడు, చింత లేదు” అనువారు కొందరు. “ఓపెన్ సోర్స్ అని ఊరక దొరకునది ఉండగా డబ్బు ఏల పోయవలెను?” అనువారు మరికొందరు. ఈ రెండు మాటలలోను సగము నిజమే కలదు. తక్కిన సగమును సభ్యుల యెదుట ఉంచుటకే ఈ వ్యాసము.

రెండు తెరగుల విత్తనము

కంప్యూటరుతో పరిచయము లేని రైతుకు కూడ ఈ భేదము కొత్తది కాదు. సాగర్ ఎడమ కాలువ క్రింద మన ప్రాంతమున విరివిగా పండిన సాంబమసూరిని తలచుకొనుడు. బి.పి.టి. 5204 అను పేరుగల ఆ రకమును బాపట్ల పరిశోధన కేంద్రమువారు 1986లో విడుదల చేసిరి. దానిని పండించుటకు ఎవరికిని హక్కు రుసుము కట్టనక్కరలేదు. పండిన పంటలో మంచి గింజ ఏరి మరుసటి యేటికి దాచుకొనవచ్చును. పొరుగువానికి నాగుకు ఇయ్యవచ్చును. 2001వ సంవత్సరపు మొక్కల రకముల పరిరక్షణ, రైతు హక్కుల చట్టము రైతు తన పంట గింజను దాచుకొనుటకు, విత్తుటకు, పంచుటకు, కంపెనీ ముద్ర వేయక అమ్ముకొనుటకు గల హక్కును స్పష్టముగా ఒప్పుకొన్నది.

సంకర విత్తనపు సంగతి వేరు. దాని దిగుబడి మంచిదే కావచ్చును. కాని ఆ పంటనుండి తీసిన గింజ మరుసటి యేట ఒకే రీతిగా పెరుగదు. కావున ఏటేట అంగడికి పోయి పొట్లము కొనవలసినదే.

సాఫ్ట్‌వేరు అనగా కంప్యూటరు ఏమి చేయవలెనో వరుసగా వ్రాసిన ఆజ్ఞల మూట. ఆ వ్రాతను ఎవరైనను చూచుటకు, వాడుటకు, మార్చుటకు, పరులకు పంచుటకు అనుమతి యిచ్చినచో అది తెరచిన సాఫ్ట్‌వేరు. దీనినే ఓపెన్ సోర్స్ అందురు. ఆ వ్రాతను కంపెనీ తన పెట్టెలో దాచుకొని, వాడుకకు మాత్రము లైసెన్సు అమ్మినచో అది కంపెనీ సాఫ్ట్‌వేరు. అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ అనువారు 1983లో మొదటి మార్గమునకు ఉద్యమరూపము కల్పించిరి. ఫిన్లాండు విద్యార్థియైన లినస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్స్ అను దానిని వ్రాసి లోకమునకు ఇచ్చెను. ఇది దూరపు ముచ్చట యనుకొనవలదు. మన జేబులోని ఆండ్రాయిడ్ ఫోనుకు ఆధారము ఆ లినక్సే.

ఉపమానమునకు ఒక హద్దు కలదు. సంకర విత్తనమున ముడి వేసినది ప్రకృతి. కంపెనీ సాఫ్ట్‌వేరునందు ముడి వేసినది ఒడంబడిక కాగితము. ప్రకృతి వేసిన ముడిని మనము విప్పలేము. కాగితముపై వేసిన ముడిని మాత్రము సంతకమునకు ముందే చదివి, కూడనిచో మార్పుమని అడుగవచ్చును.

కంపెనీ సరుకునే ఏల కొందురు?

ఊరక దొరకుదానిని విడిచి ధర పెట్టి కొనువారు తెలివిలేనివారని తలచుట పొరపాటు. వారి కారణములు వారికి గలవు. మిర్యాలగూడ బియ్యపు మిల్లులో గుమాస్తా కావలెనన్నచో టాలీ నేర్చినవారు సులభముగా దొరకుదురు. తెరచిన లెక్కల సాఫ్ట్‌వేరు నేర్చినవారు దొరకుట కష్టము. 2017 జూలైలో జి.ఎస్.టి. వచ్చినప్పటినుండి పన్ను నియమములు పలుమార్లు మారినవి. మారినప్పుడెల్ల సాఫ్ట్‌వేరును సరిచేసి పంపు బాధ్యతను ధర పుచ్చుకొన్న కంపెనీ వహించును. ఆడిటరునకు కూడ తెలిసిన పద్ధతియే ఇష్టము. చెడినప్పుడు ఫోనుచేసి నిలదీయుటకు ఒక మనిషి ఉండవలెనని కార్యదర్శి కోరుట న్యాయమే.

పత్తి రైతు చేసినదియు ఇట్టిదే. 2002లో బీటీ పత్తికి ప్రభుత్వ అనుమతి లభించిన తరువాత రైతులు తమ పాత విత్తనమును విడిచి దాని వెంట పోయిరి. కాయతొలుచు పురుగుకు మందులు కొట్టి కొట్టి విసిగిన రైతుకు ఆ కాలమున అది నిజమైన ఉపశమనమే. దానిని తప్పుపట్టుట సులభము. ఆనాటి వాని చేను చూచినవారు తప్పుపట్టరు.

పెద్ద నగరములును ఇట్లే చేసినవి. జర్మనీ దేశపు మ్యూనిక్ నగరసభ 2004 మొదలుకొని తెరచిన సాఫ్ట్‌వేరు వైపు మరలి, 2013 నాటికి ఇంచుమించు 15,000 కంప్యూటరులను లినక్సుకు మార్చెను. ఇతర కార్యాలయములతో దస్త్రములు ఇచ్చిపుచ్చుకొనుటలో చిక్కులున్నవని ఉద్యోగులలో కొందరు మొరపెట్టిరి. 2017 నవంబరులో నగరసభ మరల విండోసుకే పోవలెనని తీర్మానించినది. 2020లో వచ్చిన కొత్త పాలకవర్గము మరల తెరచిన సాఫ్ట్‌వేరు వైపు మొగ్గినది. మొదటి మార్పునకు వ్యయము, వెనుకకు మరలుటకు వ్యయము. సాఫ్ట్‌వేరు ధరకన్న మనుష్యుల అలవాటు మార్చు ధర పెద్దదని దీనివలన తెలియుచున్నది.

ధర రసీదుతో ముగియదు

అయినను కంపెనీ సరుకు కొనువాడు మొదటి రసీదును మాత్రమే చూడరాదు. బీటీ పత్తి విత్తనము 450 గ్రాముల పొట్లము 2006కు ముందు 1,600 రూపాయలకు పైగా అమ్ముడుపోయినది. అందులో 1,250 రూపాయలు జన్యువుపై హక్కుగల మహికో మోన్‌శాంటో కంపెనీకి పోవు రుసుమే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము గుత్త వ్యాపారములను విచారించు జాతీయ కమిషనునకు ఫిర్యాదు చేసినది. ఆ రుసుము తగ్గింపవలెనని 2006 మే నెలలో కమిషను ఉత్తరువిచ్చెను. పొట్లము ధరను ప్రభుత్వము 750 రూపాయలకు దించినది. ఒక్కొక్క రైతు విడిగా అడిగియున్నచో ఆ ధర తగ్గెడిదా? తరువాతి సంవత్సరములలో గులాబిరంగు పురుగు బీటీకి లొంగక తిరుగబడిన నాటికి, బీటీ కాని విత్తనము అంగడిలో దొరకుట అరుదైపోయినది. మంచిదని ఒకదానిని కొనుటలో దోషము లేదు. రెండవది కనుమరుగగుచుండగా చూచి ఊరకుండుటలో దోషము కలదు.

సాఫ్ట్‌వేరునకు ఏటేటి రుసుము, కొత్త కూర్పునకు ధర, ఒక్కొక్క కంప్యూటరునకు వేరు లైసెన్సు, ఇవన్నియు ఉండవచ్చును. కంపెనీ తన సరుకును ఎన్నాళ్లు పోషించునో అదియు దాని యిష్టము. మైక్రోసాఫ్ట్ కంపెనీ విండోస్ 7నకు తన సహాయమును 2020 జనవరి 14తోను, విండోస్ 10నకు సాధారణ సహాయమును 2025 అక్టోబరు 14తోను నిలిపివేసినది. యంత్రము బాగుగనే తిరుగుచున్నను, లోపలి రక్షణ పాతబడును. ఈ తేదీలు ముందే తెలియజేసినవే. బడ్జెటు వ్రాయునప్పుడు వానిని చూచుకొనుట మన పని.

ఇక మూడవ మార్గమొకటి పట్టణములలో రహస్యము కాని రహస్యముగా నడచుచున్నది. అది దొంగ ప్రతి. కంపెనీ సాఫ్ట్‌వేరును లైసెన్సు లేక ఎక్కించుకొని, “మాకు ఊరకనే వచ్చినది” అందురు. 1957వ సంవత్సరపు కాపీరైటు చట్టమునందలి 63-బి నిబంధన ప్రకారము, దొంగ ప్రతియని తెలిసి వాడిన వారికి 7 దినములు మొదలు 3 సంవత్సరముల వరకు జైలు, 50 వేలు మొదలు 2 లక్షల రూపాయల వరకు జరిమానా విధింపవచ్చును. సభ్యుల సొమ్ముతో నడచు సంఘము ఈ త్రోవ త్రొక్కరాదు. ధర పెట్టలేనిచో తెరచినది వాడవలెను. కంపెనీదే కావలెనన్నచో ధర చెల్లింపవలెను.

తెలుగు అక్షరముల కథ

మన నోటీసుల అచ్చు పనిలో జరిగిన సంగతి వినుడు. సూర్యాపేటలో గాని, కోదాడలో గాని డి.టి.పి. దుకాణములలో చాల కాలము అను, శ్రీలిపి వంటి కంపెనీ లిపులతో, పేజ్‌మేకర్ అను సాఫ్ట్‌వేరులో తెలుగు కూర్చిరి. అక్షరములు అందముగా ఉండెడివి. అచ్చుకూటములు ఆ రూపమునే అడిగెడివి. ఆపరేటరు వ్రేళ్లు ఆ కీలకే అలవాటుపడినవి. ఆ దినములలో అంతకన్న మంచి సాధనము వారి చేతికి అందలేదు.

కాని ఆ పాత పద్ధతిలో ఒక చిక్కు కలదు. ఇంగ్లీషు అక్షరముల స్థానములలో తెలుగు బొమ్మలను కూర్చుండబెట్టిరి. కావున ఆ లిపి లేని కంప్యూటరులో గాని, ఫోనులో గాని ఆ దస్త్రమును తెరచినచో తెలుగు కనబడదు; అర్థము లేని ఇంగ్లీషు అక్షరముల గుంపు కనబడును. ఆ దస్త్రములో ఒక సభ్యుని పేరు తెలుగున వ్రాసి వెదకినను దొరకదు. పేజ్‌మేకర్ యూనికోడును ఎరుగదు, 7.0 తరగతి తరువాత దానికి కొత్త కూర్పు రాలేదు.

యూనికోడు అనగా ప్రపంచ భాషల ప్రతి అక్షరమునకు ఒక స్థిరమైన సంఖ్య ఇచ్చు ఉమ్మడి పద్ధతి. 1991లో వెలువడిన దాని మొదటి కూర్పునందే తెలుగునకు చోటు దొరకినది. దాని ఆధారమున తిరుమల కృష్ణ దేశికాచార్యులవారు పోతన, వేమన లిపులను ఉచితముగా ఇచ్చిరి. తరువాత సిలికానాంధ్ర సంస్థవారు పొన్నాల, మండలి, రామభద్ర, సురవరం మొదలగు లిపులను ఎవరైనను వాడుకొను, మార్చుకొను అనుమతితో లోకమునకు విడుదల చేసిరి. హైదరాబాదున స్వేచ్ఛ అను సంస్థ తెలుగున నడచు తెరచిన కంప్యూటరు వ్యవస్థకై పాటుపడినది. నేడు రైతు ఫోనులో తెలుగు సందేశము ఏ యంత్రమున తెరచినను చదువబడుచున్నదన్నచో అది ఉమ్మడి పద్ధతి ఫలమే.

లిపికి ధర చెల్లించుటయందు చిక్కు లేదు. కంపెనీ లిపియైనను యూనికోడు పద్ధతిన ఉన్నచో నష్టము లేదు. వ్రాసిన వ్రాత ఆ లిపియందే చిక్కుబడి పోవుటయే నష్టము. మహాసభ తీర్మానములు, సభ్యుల జాబితాలు అట్టి దస్త్రములలో ఉన్న సంఘములు వానిని ఆపరేటరు, యంత్రము ఉండగనే యూనికోడునకు మార్పించుకొనుట మేలు.

లెక్క తప్పినప్పుడు

అక్షరము చిక్కుబడినచో తిరిగి వ్రాసికొనవచ్చును. అంకెలు చిక్కుబడినచో మనిషి బ్రదుకే చిక్కుబడును. బ్రిటను తపాలా సంస్థ 1999 మొదలుకొని తన చిన్న తపాలా కార్యాలయములలో హొరైజన్ అను లెక్కల సాఫ్ట్‌వేరును పెట్టినది. అది ఫుజిట్సు కంపెనీ నిర్మించినది. పెట్టెలోని రొక్కమునకు, తెరపైని అంకెకు పొంతన కుదరనప్పుడు తప్పు మనిషిదే యని నిశ్చయించిరి. 1999, 2015 సంవత్సరముల నడుమ 900 మందికి పైగా తపాలా నిర్వాహకులు దొంగతనము, దొంగలెక్క వంటి నేరములకు శిక్షింపబడిరి. కొందరు జైలుకు పోయిరి. కొందరు ఇండ్లు అమ్ముకొని లేని బాకీ తీర్చిరి.

సాఫ్ట్‌వేరులోనే దోషములు కలవనియు, కంపెనీవారు దూరమునుండి కార్యాలయపు లెక్కను నిర్వాహకునికి తెలియకుండ మార్పగలిగి యుండిరనియు లండను హైకోర్టు 2019 డిసెంబరులో తేల్చినది. 2024లో ఆ దేశపు పార్లమెంటు ప్రత్యేక చట్టముచేసి అట్టి శిక్షలను కొట్టివేసినది.

సంఘ కార్యదర్శులును, సభ్యులును ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనవలెను. తెరచిన సాఫ్ట్‌వేరునందు తప్పులు ఉండవని మేము చెప్పము; ఉండును. కాని అందు తప్పును వెదకుటకు పరునికి దారి కలదు. మూసిన పెట్టెలో ఆ దారి కంపెనీ దయపై ఆధారపడును. కంపెనీ సరుకు కొన్న సంఘము ఆ దారిని ఒడంబడికలోనే వ్రాయించుకొనవలెను. ఎవరు, ఏ దినమున, ఏ అంకె మార్చిరో చెరగని జాడ ఉండవలెను.

ఊరక వచ్చినదియు ఊరక నిలువదు

తెరచినదానిని మెచ్చువారికిని ఒక హెచ్చరిక. దాచిన విత్తనము కూడ ఏటేట బెరకులు ఏరనిచో చెడును. తెరచిన సాఫ్ట్‌వేరు ఊరక దొరకినను, ఎక్కించువాడు, నేర్పువాడు, మార్పులు చేయువాడు ఉండవలెను. వానికి కూలి ఇయ్యవలెను. ఒక ఉత్సాహవంతుడైన కుర్రవాడు ఎక్కించి, ఉద్యోగము దొరకి హైదరాబాదుకు పోయినచో, ఆ యంత్రము బావిలేని మోట వంటిదగును. ఒంటరి సంఘమునకు ఈ కూలి బరువే. ఐదారు సంఘములు కలిసి ఒక తెలిసిన మనిషిని పెట్టుకొన్నచో బరువు కాదు. ట్రాక్టరును, గోదామును కలిసి వాడుకొను పద్ధతి మనకు తెలిసినదే గదా.

భారత ప్రభుత్వము 2015లో ప్రకటించిన ఓపెన్ సోర్స్ విధానమును చూడుడు. ప్రభుత్వ కార్యాలయములు మొదట తెరచిన సాఫ్ట్‌వేరునే ఎంచవలెనని అందు కలదు. పనికి తగినది దొరకనప్పుడు, తొందర పని యున్నప్పుడు, నేర్పరులు లేనప్పుడు కంపెనీ సరుకును ఎంచవచ్చుననియు, అందుకు తగిన కారణము చూపవలెననియు కూడ కలదు. సంఘములకు ఈ నియమము చక్కగా సరిపోవును. కంపెనీది కొనుట నేరము కాదు. కారణము వ్రాయక కొనుట తప్పు.

తీర్మానమునకు ముందు అడుగవలసినవి

మేము సభ్యులకు సూచించు ప్రశ్నలు ఐదు. పైనుండి వచ్చిన సాఫ్ట్‌వేరును గూర్చియు ఇవే అడుగవచ్చును.

మొదటిది. మన లెక్క యావత్తు, మనము కోరిన దినమున, వేరొక సాఫ్ట్‌వేరు చదువగల రూపమున బయటికి వచ్చునా? నోటిమాట చాలదు. డబ్బు చెల్లింపక ముందే పదిమంది సభ్యుల మాదిరి లెక్క వ్రాయించి, బయటికి తీయించి, లిబ్రే ఆఫీసు వంటి ఉచిత సాఫ్ట్‌వేరు గల మరొక కంప్యూటరులో తెరచి చూడవలెను.

రెండవది. ఏటేటి రుసుము ఎంత? కట్టుట మానినచో పాత లెక్కలనైనను చూడనిత్తురా? ఐదేండ్ల మొత్తము వ్రాసి, తెరచినదానిని పోషించు కూలితో పోల్చి చూడవలెను.

మూడవది. తెలుగు వ్రాత యూనికోడు పద్ధతిన ఉన్నదా? సభ్యుడు తన పేరును తన ఫోనులో తెలుగున చదువగలడా?

నాల్గవది. వరికోతల కాలమున యంత్రము ఆగినచో ఎవరు, ఎన్ని దినములలో వత్తురు? ఆ పని తెలిసిన రెండవ మనిషి మన ప్రాంతమున కలడా?

ఐదవది. అంకె మార్చినచో జాడ నిలుచునా? నెలకొకమారు లెక్క అచ్చుతీసి, అధ్యక్షుడును కార్యదర్శియు సంతకము చేసి బీరువాలో ఉంచు ఏర్పాటు కలదా?

మొదటి ప్రశ్నకు “లేదు” అని జవాబు వచ్చినచో, ఆ సరుకు ఎంత చవకైనను, ఎంత పేరుగలదైనను కొనరాదని మా అభిప్రాయము. దానికి “కలదు” అనియు, తక్కిన నాలుగింటికి తృప్తికరమైన జవాబులును వచ్చినచో, కంపెనీదైనను నిశ్చింతగా కొనవచ్చును. నచ్చనినాడు మన లెక్క మనము తీసికొని వేరొక చోటికి పోగలము. నాల్గవ ప్రశ్నకు జవాబు లేనిచో తెరచినదైనను ఎక్కింపరాదు.

సభ్యులు ఇది పాలకవర్గపు పని, చదువుకొన్నవారి పని యని విడువరాదు. అప్పు మనది, ధాన్యము మనది, పాసుపుస్తకములోని పేరు మనది. రాబోవు మహాసభలో ఈ ఐదు ప్రశ్నలను కార్యక్రమమున చేర్పుడని కార్యదర్శికి ముందుగా వ్రాసి ఇయ్యుడు. ఆ లోపల ఒకమారు సంఘమునకు పోయి, తెరపైని మీ బాకీ అంకెను మీ పాసుపుస్తకముతోను, రసీదులతోను సరిచూచుకొనుడు.